కోడి వద్దన్న జింకు

నా మూర్ఖత్వం సంగతి నేనే ముందు చెప్పుకుంటే ఒక సుఖం ఉన్నది. తర్వాత ఇంకొకరు చెప్పే శ్రమ తప్పుతది.

కోడి కడుపంటే నాకు గోనెసంచి లెక్క. పైనుంచి ఎంత పోస్తే లోపల అంత ఉంటది అనుకున్న. ఒక్కరోజు అనుకుంటే పొరపాటు, నాలుగేండ్లు అనుకున్న. బ్రాయిలర్ కోళ్ల కాళ్లు గట్టిగ ఉండాలంటే దాణాలో జింకు, మాంగనీసు, రాగి, ఇనుము తలా కొంచెం పడాలని అందరూ చెప్తరు. టన్ను దాణాకు ఎంత కలపాలనో సంచి మీదనే రాసి ఉంటది. నేను అది చదివి, పాపం ఎవరో పిసినారి రాసిండనుకోని, దానికి రెండింతలు వేసిన. జింకు వేసేటందుకు ఏనాడూ జంకలే. పైగా కాళ్లంటే ఎముకలు, ఎముకలంటే సున్నం అని సొంతంగ ఒక సిద్ధాంతం చేసుకోని, సున్నపురాయి పొడి కూడ దోసిళ్లకు దోసిళ్లు కలిపిన. అన్నిట్లో చవకది, తెల్లగ పిండి లెక్క ఉండే జింకు ఆక్సైడు నాకు ముద్దు. చవకది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పెట్టొచ్చు కద.

ఇంత పెట్టినా నా కోళ్లు కూసున్న జాగల నుంచి లేచేటివి కావు.

మా షెడ్డు చంద్లాపూర్ దాటినంక, కాలువ కింద ఉంటది. దాన్ని కట్టకముందు పన్నెండేండ్లు భీవండిలో పవర్‌లూమ్ నడిపిన. మగ్గం సేటుది, నూలు సేటుది, నేసిన బట్ట సేటుది. చెవుల్లో మోత ఒక్కటే నాది. ఇగ చాలు, సొంత కాళ్ల మీద నిలబడాలె అని ఊరికొచ్చి షెడ్డు వేసిన. నేను నిలబడదామని చూస్తే కోళ్లు కూలబడ్డయి.

మా దిక్కు చాలమంది కంపెనీ కింద పెంచుతరు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, పెరిగినంక కోళ్లు కూడ కంపెనీవే. షెడ్డు, చాకిరీ మనవి. తప్పేం లేదు, అట్ల మంచిగ బతికేటోళ్లు ఉన్నరు. మా బావ, అంటే నా భార్యకు అన్న, జగదేవ్‌పూర్ దిక్కు అట్లనే మూడు షెడ్లు నడుపుతుండు. కానీ నాకు ఆ ముచ్చట వింటేనే చెవుల్లో మళ్ల మగ్గం మొదలైతది. మక్కలు నేనే చూసి కొనాలె, ఎంత మెత్తగ పట్టాలనో గిర్నీ కాడ నేనే నిలబడి చెప్పాలె, సోయా చెక్క నేనే వాసన చూడాలె, మోచేతుల దాక పిండి అంటంగ నేనే కలపాలె. ఆ పనిలో ఉన్నప్పుడు నేను ఎవ్వరి మనిషినీ కాను. నాకు కావలసింది అంతే. కోళ్లకు ఏం కావాల్నో మాత్రం తెలువదు.

మూడో వారం దాటిందంటే షెడ్డులో ఒక్కొక్కటి కూలబడుడు మొదలయ్యేది. కాలు పక్కకు తిరిగి, మోకాళ్ల మీద జరుగుతుండేవి. కొన్ని నీళ్ల దాక పోలేక ఎండిపోయేవి. ట్రేడరు వచ్చి ఏరి పక్కన పెట్టేటివి ప్రతి బ్యాచ్‌లో పెరుగుతున్నయి. బావ వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకోని చూసేటోడు.

"ఏం బావా, నీ కోళ్లు పంక్తికి కూసున్నట్టున్నయ్. విస్తర్లు వేసుడే తక్కువ."

"ఎండకు కూసున్నయ్ బావా."

"ఎండకా? మా కాడ గూడ గదే సూర్యుడు గద. మావి ఉరుకుతున్నయ్."

 ఆ రోజు సాయంత్రం ఇంకొంత సున్నం కలిపేటోణ్ణి.

అట్ల ఒక బ్యాచ్‌ ఘోరంగ పోయింది. లారీ పోయినంక నా భార్య షెడ్డు నడుమ నిలబడి, మిగిలిన కుంటి కోళ్లను చూసి, నెమ్మదిగ అన్నది. గట్టిగ అరిచినా నాకు అంత భయం కాకపోవు.

"ఇంకొక్క బ్యాచ్ చూస్త. దాంట్ల గూడ కాళ్లు పడిపోతే, అన్న తెచ్చే కంపెనీ కాగితం మీద సంతకం పెట్టుడే."

"నేను పెట్ట."

"నీ సంతకం ఎవరికి కావాలె? షెడ్డు నా పేర ఉన్నది."

నిజమే. ఆడవాళ్ల పేరు మీదైతే లోన్ సులువుగ వస్తదని నేనే తెలివి చేసిన. నా తెలివి నాకు ఎప్పుడూ ఇట్లనే ఎదురొస్తది.

ఆ సమయంల, ఆ మరుసటి వారమే అనుకుంట, పక్కపొలం అక్క వచ్చింది. మా షెడ్డును ఆనుకోని ఆమెకు ఎకరన్నర వరి ఉంటది. నాకంటె పదేండ్లు పెద్ద. ఆమె పొలంలో పండిన వడ్ల ఊక మా షెడ్డులో నేల మీద పరుస్తం. బ్యాచ్ పోయినంక ఆ ఊక, కోళ్ల రెట్ట కలిసిన ఎరువు ఆమె ట్రాక్టరు మీద ఆమె పొలానికే పోతది. మా ఇద్దరి నడుమ ఉన్న ఒప్పందం అంతే. ఆమె ఆ రోజు చేతిలో ఒక వరిదుబ్బు పట్టుకోని వచ్చింది, సాక్షిని తీసుకొచ్చినట్టు.

"తమ్మీ, ఈసారి ఎరువు ఇంకెవ్వరికన్న ఇచ్చినవో, నీకు నాకు మాటలుండయ్."

"ఎవరికిస్తనక్కా. ఏమైంది?"

"గీ దుబ్బు చూడు."

చూసిన. పచ్చగ ఉన్నది. నాకు అంతకంటె ఏం కనపడలే.

"అందరి వరి నాటేసిన నెలలోపే తుప్పు పట్టినట్టు ఐతది. జింకు తక్కువైతే అట్లనే ఐతది. నేను వానకాలం జింకు కొనలే, యాసంగికి కొనలే. అయినా నా పొలం చూడు ఎట్ల నవ్వుతుందో. పక్కోడు అడుగుతుండు, ఏ దుకాణంల తెచ్చినవ్ జింకు అని. తేలేదురా, కోళ్ల ఎరువేసిన అంటే నమ్ముతలేడు."

"కోళ్ల ఎరువుల అంత జింకెక్కడిదక్కా?"

ఆమె నన్ను పైనుంచి కింది దాక చూసింది.

"నన్నడుగుతవేంది? సంచులకు సంచులు పోస్తున్నది నువ్వేనాయె."

"అది కోళ్లకు పోసిన."

"కోళ్లు నాకు పంపినయ్. నీకంటె వాటికే తెలివున్నది."

నవ్వుకుంట పోయింది. నేను అక్కడ్నే, మక్కల సంచి మీద కూలబడ్డ, అచ్చం నా కోళ్ల లెక్కనే. నాలుగేండ్లు నేను కోళ్ల కాళ్లకు వేస్తున్ననుకున్నదంతా కోడిలో నుంచి నడుచుకుంట పోయి వరిదుబ్బుల్లో నిలబడ్డదన్న మాట. నేను వేసింది దాణా కాదు, దానం. నాకు కోపం రావాల్సింది. కానీ నిజం చెప్తున్న, ఒళ్లు జలదరించింది. నోట్లోనుంచి లోపలికి పోయిన దాన్ని ఒక కోడి, వేలంత సన్నని పేగుతోని, ఇది నాకు పనికిరాదు అని పట్టుకోని ఎట్ల బయటికి పంపింది? ఎవరు చెప్పిన్రు దానికి?

పట్నంలో కోళ్ల దాణా, ఎముకలు పరీక్ష చేసే లాబ్ ఒకటున్నదని తెలుసు. ఎప్పుడూ పోలేదు. పోతే నాకు తెలువదని వాళ్లకు తెలుస్తదని భయం. ఈసారి ఒక డబ్బాలో దాణా, ఒక కవర్లో ఎరువు, ఒక అట్టపెట్టెలో రెండు కుంటి కోళ్లు పెట్టుకోని సిద్దిపేట బస్టాండ్‌లో బస్సెక్కిన. టికెట్లు కొట్టుకుంట వచ్చిన కండక్టరమ్మ పెట్టె దగ్గర ఆగింది.

"గిదేంది?"

"కోళ్లు మేడం. దవాఖానకు తీస్కపోతున్న."

"పెట్టలా, పుంజులా? ఆడోళ్లకైతే ఫ్రీ."

"ఇంకా చిన్నయి మేడం, ఏర్పడదు."

"మరి ఆధార్ కార్డున్నదా వాటికి?"

బస్సంతా నవ్వింది. ప్రజ్ఞాపూర్‌లో ఎక్కినోళ్లకు గూడ వెనక సీట్ల నుంచి ఎవరో మళ్ల మొదట్నుంచి చెప్పిన్రు. చివరికి నాకు ఒక టికెట్, పెట్టెకు ఒక లగేజి టికెట్ కొట్టింది. కోళ్లు మాత్రం దారి పొడుగునా మర్యాదగ కూసున్నయ్. కూసునుడు వాటికి వచ్చిన విద్యే కద.

లాబ్‌లో ఉన్న డాక్టరమ్మ వయసులో నాకు బిడ్డలాంటిది. నేను ఏమేం ఎంతెంత కలుపుతనో చెప్తుంటే రాసుకుంట పోయింది. జింకు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపింది.

"టన్నుకా ఇంత?"

"అవును మేడం." కొంచెం గర్వంగనే అన్న.

"సున్నపురాయి కూడా ఇంతేనా?"

"దాంట్ల గూడ తక్కువ చెయ్యలే."

ఆమె నన్ను చూడలే. అట్టపెట్టెలోని కోళ్లను చూసింది. "ఇవి ఇంకా బతికున్నాయంటే వీటికి దండం పెట్టాలండీ," అన్నది.

తర్వాత కూసోబెట్టి చెప్పింది. ఆమె చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ యాదికున్నది. మక్క గింజ, సోయా గింజ రేపు మొలిచే తన మొలక కోసం భాస్వరాన్ని ఒక మూట కట్టి దాచుకుంటయట. ఫైటేట్ అంటరట దాన్ని. గింజను కోడి తిన్నా ఆ మూట తన గుణం వదలదు. పేగులో కనపడ్డ జింకునల్లా పట్టుకుంటది. సున్నం ఎక్కువైతే ఆ పట్టు రాయి లెక్క ముద్దకడతది. కోడి ఆ ముద్దను విరగ్గొట్టలేదు. ఇగ అది బయటికే పోవాలె.

"అంటే కాళ్లకని నేను పోసిన సున్నమే..."

"కాళ్లకు అందాల్సింది అందకుండా చేసింది."

 తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. అది విన్నంక నాకు నా తప్పు మీద సిగ్గు కంటె కోడి మీద గౌరవం ఎక్కువైంది. పేగు గోడలో సన్నని తలుపుల లాంటివి ఉంటయట. ఒంట్లో జింకు తక్కువైతే పేగు ఎక్కువ తలుపులు తెరుస్తది, సరిపోయినంక మూసేస్తది. అంతే కాదు. ఒంట్లో ఉన్న జింకులో నుంచే కొంత మళ్ల పేగులోకి వదిలి, అవసరమున్నంత తిరిగి లోపలికి గుంజుకుంటదట. పొద్దున ఆరేసిన బట్టలు మబ్బు పట్టంగనే లోపలికి తెచ్చుకున్నట్టు. రోజూ ఇదే పని. మిషన్‌లో పొదిగిన గుడ్డులో నుంచి వచ్చి, తల్లి రెక్క కింద ఒక్క పూట కూడ ఉండని పిల్ల. ఒక్కపూట బడికి పోలే. నెల తిరగకముందే ఇదంతా దానికి వచ్చు. నేను నలభై ఎనిమిదేండ్లకు కూడ పెండ్లిలో ఎంత తినాల్నో ఎక్కడ ఆపాల్నో నేర్చుకోలే.

"ఐతే మంచి జింకు ఏది మేడం?"

"మీరు వేసే ఆక్సైడు కడుపులో సరిగ్గా కరగదు. సల్ఫేటు దానికన్నా బాగా కరుగుతుంది. కానీ కరిగిన జింకు ఒంటరిగా ఉంటే మళ్లీ ఆ ఫైటేటుకు దొరుకుతుంది. అందుకని కొందరు దాన్ని అమైనో ఆమ్లంతో కట్టి పంపిస్తారు. పీత రెండు డెక్కలతో పట్టుకున్నట్టు అది జింకును పట్టుకొని తలుపుదాకా తీసుకుపోతుంది. కీలేటెడ్ అంటారు."

"అంటే పెండ్లికి పిలువనోడు ఇంటల్లుని భుజం మీద చెయ్యేసుకోని లోపలికి పోయినట్టు."

ఆమె నవ్వింది. "దాదాపు అంతే. కానీ అందరు అల్లుళ్లూ ఒకలా ఉండరు. కొన్ని రకాలు దారిలోనే చెయ్యి వదిలేస్తాయి. పేరు చూసి కొనకండి. మీ షెడ్డులో మీరే పెట్టి చూడండి."

ఎట్ల చూడాల్నో కూడ ఆమెనే చెప్పింది. సున్నం అన్నిట్లో సరిగ్గ ఒకటే లెక్కకు తేవాలె. షెడ్డు మొత్తానికి సల్ఫేటు, సంచి మీద రాసినంతే వేయాలె. ఒక మూలకు ఇనుప జాలి కట్టి, గదుల లెక్క మూడు అర్రలు చేయాలె. ఒక అర్రకు నా పాత పద్ధతిలో రెండింతల ఆక్సైడు, ఒక అర్రకు రాసినంత సల్ఫేటు, ఒక అర్రకు అందులో సగం కూడ లేనంత కీలేటెడ్ జింకు. ఇగ ఆఖరి షరతు: రోజూ కోళ్లను చూసి రాసేటోనికి ఏ అర్రలో ఏ దాణా పడుతుందో తెలువొద్దు. తెలిస్తే కండ్లు అబద్ధం చెప్తయట.

అట్ల నా షెడ్డులో నాకే తెలువని రహస్యం ఒకటి మొదలైంది. దాణా కలుపుడు, పోసుడు నా భార్యకు ఇచ్చిన. నేను కలుపకుండ గడిచిన మొదటి బ్యాచ్ అది. ఆమె పాత చీర అంచులు చింపి అర్రకొక రంగు కట్టింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలి. సంచుల మీద అవే రంగులు. ఇంట్లో కూడ ఆ ముచ్చట తీస్తే మూతి బిగించేది.

"గా ఎర్రదాంట్ల ఏమేసినవ్?"

"దాణా."

"ఏం దాణా?"

"కోళ్ల దాణా."

"కట్టుకున్న మొగుణ్ణి అడుగుతున్న."

"అందుకే చెప్త లేను. నీకు చెప్తే నువ్వు కోళ్లకు గూడ చెప్తవ్."

నేను రోజూ పొద్దున నోటుబుక్కు పట్టుకోని అర్రల ముందర నిలబడేటోణ్ణి. ఎన్ని నడుస్తున్నయ్, ఎన్ని కూసున్నయ్, అరికాళ్లకు పుండ్లున్నయా. మొదటి రెండు వారాలు మూడు అర్రలు ఒక్క తీరుగనే ఉన్నయ్. షెడ్డులో మిగిలిన కోళ్లను చూసేటందుకు నాకు ధైర్యం చాలేది కాదు. ఎందుకంటె సంతకం ఉన్నది వాటి కాళ్ల మీద. మూడో వారం వచ్చింది. ఎప్పుడూ కూలబడే వారం అది. పొద్దున్నే తలుపు తీసేముందు బయట నిలబడి చెవి పెట్టి వినేటోణ్ణి. కోళ్లు నడిస్తే ఊక మీద చప్పుడైతది. చినుకులు పడ్డట్టు ఉంటది ఆ చప్పుడు.

వినపడ్డది.

ఇరవై ఐదో రోజు అనుకుంట. ఎర్రంచు అర్రలో ఒక కోడి నా ముందర నిలబడి, ఒక కాలు పైకి లేపి, మెడ వంచి, గోరుతోని చెవి గోక్కున్నది. అంత బరువు ఒంటికాలి మీద. కొంచెం కూడ ఊగలే. గోక్కునుడు అయినంక కాలు కింద పెట్టి, ఏమీ కానట్టు పోయింది. కోళ్లు పెంచినోళ్లు, ఇదొక వింతనా అంటరు. నేను నాలుగేండ్లలో మూడో వారం దాటిన నా కోడి ఒక్కటి కూడ ఒంటికాలి మీద నిలబడంగ చూడలే. నేను అక్కడ్నే, నోటుబుక్కు మూసి, గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డ. రాసుకోవాలె అని కూడ తోచలే.

"ఎర్రది నా దాణానే," అన్న నా భార్యతో ఆ మధ్యాహ్నం. "చూడు ఎట్లున్నయో. ఎంతైనా చెయ్యి పెద్దగ ఉన్నోని దాణా వేరే ఉంటది. గా నీలి దాణా ఎవడో పిసినారిది. రెండు కూసున్నయ్ అప్పుడే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని అవతలికి పోయింది. దగ్గు వచ్చిందనుకున్న.

ముప్పై ఐదో రోజు డాక్టరమ్మ చెప్పినట్టు ఒక్కొక్క అర్ర నుంచి కొన్ని కోళ్లు లాబ్‌కు తీస్కపోయిన. వారం తర్వాత ఎముకల పని చూడరమ్మని పిలిచింది. కాలి ఎముకను కొవ్వు తీసి, కొలిమి లాంటి డబ్బాలో పెట్టి కాలుస్తరు. మండేది మండి పోతది, ఖనిజం మిగులుతది. పింగాణీ గిన్నెల్లో చిటికెడు చిటికెడు బూడిద ఉన్నది, విభూతి కంటె తెల్లగ. ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి, మిషన్‌లో పెడితే దాంట్లో ఎంత జింకున్నదో చెప్తది.

"ఒక కోడి మొత్తంలో ఎంత జింకుంటది మేడం?"

"రెండు కిలోల కోడిలోదంతా తీసి పోగేసినా మీ గోటి కొన మీద నిలుస్తుంది."

నా గోరు చూసుకున్న. ఇంతనా? ఇంత దానికోసం నేను దోసిళ్లు పోసిన్నా? ఆ ఇంత లేకపోతే కాలు నిలబడదా? ఈ షెడ్డు కోసం మోసిన సిమెంటు బస్తాలు, భీవండిలో ఎత్తిన నూలు బేళ్లు, ఏండ్ల కొద్ది ఎత్తి పోసినవన్నీ ఒక్కసారి కండ్ల ముందర తిరిగినయ్. బరువుంటేనే బలం అనుకోని బతికిన మనిషిని. 

ఫలితాలు చదివే ముందు డాక్టరమ్మ నా భార్యకు ఫోన్ చేసి ఏ రంగు ఏదో చెప్పమన్నది, స్పీకర్ పెట్టి. నా భార్య ఆ రోజు కోసమే నలభై రోజులు మూతి బిగించుకోని ఉన్నది.

"పచ్చది సల్ఫేటు మేడం. ఎర్రది గా కట్టిన జింకు, సగం గూడ లేనిది." ఇగ నవ్వు ఆపుకోలేకపోయింది. "నీలిది మా ఆయనది."

నీలి అర్ర ఎముకల్లో జింకు అన్నిటికంటె తక్కువ. ఆ అర్ర ఎరువులో అన్నిటికంటె ఎక్కువ. ఎరుపు, పచ్చ ఎముకల్లో దగ్గర దగ్గర ఒకటే, కాకపోతే ఎరుపు దాన్ని సగం కంటె తక్కువతోనే తెచ్చుకున్నది. పేగు తన దగ్గరికి వచ్చినదాన్నే తీసుకున్నది, మూట దగ్గర చిక్కిందాన్ని వదిలేసింది. డాక్టరమ్మ, ఒక్క షెడ్డు ఒక్క బ్యాచ్ చూసి లోకానికి చెప్పేది కాదు, మళ్లీ మళ్లీ చేసి చూడాలె అన్నది. నాకు లోకంతో పని లేదు. నాకు ఒక్క సంతకంతోనే పని.

అక్క కొంచెం అలిగింది. "గదేంది తమ్మీ, ఈసారి నా జింకు తక్కువేస్తున్నవట," అన్నది. ఇగ ఆమె దుకాణంల కొనుక్కోవాలె. ఆమెకు నేను ఏం చెప్పాలె? నీ పొలానికి పోయేది కోళ్లు ఆపినయ్ అని కోళ్ల మీదనే పెట్టిన.

లారీ వచ్చే రోజు పొద్దున్నే బావ కూడ దిగిండు, చంకలో ఫైలు పెట్టుకోని. పాత లెక్క ప్రకారం గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడ్డడు. లోపల ట్రేడరు మనుషులు కోళ్లను పడుతున్నరు. పడుతున్నరంటే, ఉరుకుతున్నరు. ఇటు వస్తే అటు, అటు పోతే ఇటు. చెమటలు కారుకుంట ఒకతను నా మీద అరిచిండు.

"అన్నా, కోళ్లు పెంచినవా, కుందేళ్లు పెంచినవా? ఇట్లైతే కూలి పెంచాలె మాకు."

 కుంటివాటిని ఏరి పక్కన పెట్టే జాలి దిక్కు బావ చూసిండు. దాంట్లో మూడే మూడు కోళ్లు ఉన్నయ్. మూడూ నీలంచు అర్రవే. ఫైలు ఒక చంకలో నుంచి ఇంకో చంకలోకి మార్చుకున్నడు.

"అన్నా, తిని పో," అన్నది నా భార్య.

బావ, నేను చాప మీద కూసున్నం. బావ ఫైలు తెరిచి, కాగితాలు నేల మీద పరిచి, ఇగ ఈ బ్యాచ్ అంటే ఏదో కలిసొచ్చింది, రేపటి సంగతేంది అని మొదలు పెట్టిండు. నా భార్య వంటింట్లో నుంచి కూర గిన్నె పట్టుకోని వచ్చింది. పొగలు కక్కుతున్నది. ఎక్కడ పెట్టాలె అని అటు ఇటు చూసి, కాగితాల మీద పెట్టింది.

"చెల్లే, అది అగ్రిమెంటు..."

"గిన్నె కాలుతుందన్నా. కింద ఏదన్న ఉండాలె గద. నాకు దాంతోని ఇంకేం పని లేదు."

అంతే. సంతకం ముచ్చట అక్కడ్నే చల్లారింది. గిన్నె చల్లారకముందే.  నేను ఏమన్న అంటే ఏడ్పొస్తదని, గంటె తీసుకోని వడ్డించుడు మొదలుపెట్టిన. ఇంటికి పెద్ద చుట్టం కాబట్టి బావకు కాలు ముక్క వేసిన. ఎర్రంచు అర్ర కోడిది. పొద్దున నేనే ఏరి కోసిన.

బావ కండ తిని, మూలుగ కోసం ఎముక కొన పండ్ల కింద పెట్టి కొరికిండు. విరుగలే. ఇటు పక్క పెట్టి కొరికిండు. దవడ పట్టుకోని ఆగిండు. ఎముకను బయటికి తీసి, ఎవరిదో సామాను చూసినట్టు చూసిండు.

"నాటుకోడి కోసినవా బావా?"

"ఫారందే."

"ముదురుదా?"

"నలభై ఐదు రోజులది."

మళ్ల నోట్లో పెట్టి, మొహం ఎర్రగ చేసుకోని కొరికిండు. "ఇదేందే చెల్లే, ఎముకనా ఇనుప చువ్వనా," అన్నడు.

మా దిక్కు చుట్టం పళ్లెంలో పడ్డ కాలు ముక్క వదిలిపెట్టి లేస్తే ఇంటోళ్లకు అవమానం. ఆ సంగతి బావకు నాకంటె బాగ తెలుసు. నేను గిన్నెలో గంటె తిప్పి, అదే కోడి రెండో కాలు వెతికి తీసి, ఆయన పళ్లెంలో పెట్టిన.